చివరి జానెడు: మోటారు సైకిల్‌ను ట్రాలీ ఎక్కించే పని డైరీ

శనివారం

పాత 350 సీసీ బండి ఒకటి బాగుచేతకు తెచ్చుకోవాలి. ఇంజను బిగుసుకుపోయింది కాబట్టి నడిపి తెచ్చే వీలు లేదు. మినీ ట్రక్కు తెచ్చాం. దాని వెనుక అంచు నేల నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఎక్కించడానికి 2.4 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 3.8 సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క బల్ల దొరికింది. తమ్ముడు హ్యాండిల్ పట్టుకున్నాడు, నేను వెనుక నుంచి నెట్టాను. వెనుక చక్రం బల్ల మధ్యకు రాగానే ఫట్‌మని విరిగింది.

బండి ఎడమ వైపు ఒరిగిపోతుంటే తమ్ముడు వదిలేసి పక్కకు దూకాడు. చేయవలసింది అదే. పెట్రోలుతో కలిపి 190 కిలోలుండే బండి పడుతున్నప్పుడు దాన్ని ఆపబోయినవాళ్ల కాళ్లే దాని కింద నలుగుతాయి. క్లచ్ లివర్ విరిగింది, ఫుట్‌రెస్ట్ వంగింది, ట్యాంకుకు సొట్ట పడింది. ఇవన్నీ మళ్లీ దొరికేవే.

విరిగిన బల్లను తిరగేసి చూశాం. సరిగ్గా మధ్యలో, కింది ముఖాన, కొమ్మ ముడి ఒకటి ఉంది. పైన బరువు పడినప్పుడు బల్ల పై ముఖం నొక్కుకుంటుంది, కింది ముఖం సాగుతుంది. ముడి ఉన్న చోట చెక్క పీచు తిన్నగా సాగదు, చుట్టూ తిరిగి పోతుంది. సాగే వైపున ముడి ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. అదే బల్లను తిరగేసి వేసి ఉంటే నిలబడేదేమో కానీ, ఆ నమ్మకంతో మనిషిని దాని పక్కన నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. మందం సంగతి కూడా చెప్పాలి. బల్ల బలం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 3.8 నుంచి 5 సెంటీమీటర్లకు వెళ్తే చూపులకు పెద్ద తేడా ఉండదు కానీ బలం దాదాపు 1.7 రెట్లవుతుంది. బల్ల వాడవలసి వస్తే 5 సెంటీమీటర్లకు తక్కువది, మధ్యలో ముడి ఉన్నది ఇకపై ముట్టుకోను.

అదే రోజు, మధ్యాహ్నం

పక్కింటి బాబాయి చాలా ఏళ్లు లారీ నడిపినవారు. ఆయన తమ దగ్గరున్న అల్యూమినియం ర్యాంపు తెచ్చి ఇచ్చారు. గట్టిది, కానీ పొడవు 1.8 మీటర్లే. ఈసారి ముగ్గురం ఉన్నాం. ముందు చక్రం ట్రక్కు మీదికి ఎక్కింది, వెనుక చక్రం ర్యాంపు మీద ఉంది, అంతలో బండి కడుపు ట్రక్కు అంచుకు తగిలి ఆగిపోయింది. సెంటర్ స్టాండు బ్రాకెట్ అంచు మీద కూర్చుంది. బండి తూగుటుయ్యాలలా నడుం మీద ఆగి, ఏ చక్రం మీదా పూర్తి బరువు లేకుండా అటూ ఇటూ ఊగసాగింది.

"బాబాయ్, గట్టిగా ఒక తోపు తోద్దామా?" అన్నాడు తమ్ముడు.

"ఆగు బాబూ. ముందు బండిని ఎవరు పట్టుకుని ఉన్నారో చెప్పు," అన్నారు ఆయన.

ఆ ప్రశ్న ఈ డైరీ అంతటికీ మూలం. ఆ క్షణంలో నిజానికి ఎవరూ బండిని పట్టుకుని లేరు. తమ్ముడు హ్యాండిల్‌ను నిలువుగా ఉంచుతున్నాడు, నేను సీటు వెనుక చేయి ఆనించాను, బరువంతా అంచు మీద ఉంది. ముందుకో వెనక్కో జారితే ఆపే పట్టు ఎవరి చేతిలోనూ లేదు. ఆయన ముందు నన్ను వెనుక క్యారియర్ పట్టుకోమన్నారు, తాను మరో వైపు పట్టుకున్నారు, తమ్ముణ్ని ముందు బ్రేకు నొక్కి ఉంచమన్నారు. "ఎత్తుతున్నాం, బ్రేకు వదులు" అని చెప్పి వెనుక భాగాన్ని నాలుగు వేళ్ల ఎత్తు లేపారు. బ్రాకెట్ అంచు దాటింది. వంగింది కానీ దాటింది.

ఇంటి దగ్గర దింపేటప్పుడు ఆయన ట్రక్కును తిప్పి, తోక భాగం ఎగువ నేల వైపు ఉండేలా పెట్టించారు. నేల సహజంగా లేచిన చోట ర్యాంపు కాలు పెడితే 85 సెంటీమీటర్ల ఎత్తు 50కి దిగింది. కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు, చోటు చూసుకుంటే చాలు. బండి హాయిగా దిగింది.

ఆదివారం

పొద్దున్నే కాగితం ముందేసుకుని లెక్కలు కట్టాను. ఈ బండి రెండు ఇరుసుల మధ్య దూరం 1.4 మీటర్లు. బండి అడుగు భాగం నేల నుంచి 13.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ర్యాంపు, ట్రక్కు నేల కలిసే చోట ఒక శిఖరం ఏర్పడుతుంది. రెండు చక్రాలు దానికి చెరో వైపు ఉన్నప్పుడు ఆ శిఖరం బండి కడుపులోకి పొడుచుకు వస్తుంది. ఎంత అన్నది ర్యాంపు వాలు నిర్ణయిస్తుంది.

85 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల ర్యాంపు వేస్తే వాలు 28 డిగ్రీలు. శిఖరం 16 సెంటీమీటర్లకు పైగా లేస్తుంది. 13.5 ఉన్న బండి తగలకుండా ఎలా ఉంటుంది? 2.4 మీటర్ల ర్యాంపుకు వాలు 21 డిగ్రీలు, శిఖరం సుమారు 12 సెంటీమీటర్లు. కాగితం మీద దాటుతుంది, కానీ బరువుకు షాక్ అబ్జార్బర్లు కాస్త దిగినా ఆ సెంటీమీటరున్నర ఖాళీ మాయమవుతుంది. 3 మీటర్లదానికి వాలు 16 డిగ్రీల పైచిలుకు, శిఖరం 10 సెంటీమీటర్లు. ఇది నమ్మదగిన ఖాళీ.

నెట్టడానికి కావలసిన బలం కూడా ఇలాగే మారుతుంది. 190 కిలోల బండిని 28 డిగ్రీల వాలు మీద కదలకుండా నిలపడానికే 90 కిలోల బరువుకు సమానమైన తోపు కావాలి. 21 డిగ్రీల దగ్గర అది 67, మూడు మీటర్ల ర్యాంపు మీద 54. ఇద్దరు మనుషులు నిలకడగా ఇవ్వగలిగేది ఈ చివరిదే.

ఇంకో కొలత నన్ను ఎక్కువగా కదిలించింది. హ్యాండిల్ ఎత్తు నేల నుంచి మీటరుకు కాస్త ఎక్కువ. బండి ట్రక్కు మీదికి చేరేసరికి అది 1.9 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. నేల మీద నడుస్తున్న మనిషి అప్పుడు చేతులు తలపైకెత్తి బండిని నిలబెట్టాలి. 30 సెంటీమీటర్ల ర్యాంపు మీద బండి పక్కన మనిషికి కాలు పెట్టే చోటు లేదు. అంటే బండి అత్యంత ఎత్తులో, అత్యంత అస్థిరంగా ఉన్న చివరి జానెడు దూరంలోనే పట్టుకునేవాడి పట్టు సడలుతుంది. ప్రమాదాలు అక్కడే ఎక్కువ జరగడంలో ఆశ్చర్యం లేదు.

అందుకని నిర్ణయం: ట్రక్కు మీద ఆధారపడకుండా, కారు వెనుక తగిలించే, తక్కువ ఎత్తున్న ఒంటి ఇరుసు ట్రాలీని సిద్ధం చేసుకుంటాం. బండికి ఒక ర్యాంపు, మనిషికి పక్కనే మరొకటి. ముందు చక్రం నిలిచే పట్టు. స్ట్రాప్‌లకు కొక్కేలు. బండిని పైకి లాగడానికి చేత్తో తిప్పే వించ్. ర్యాంపు ట్రక్కుకూ పనికొచ్చేలా మూడు మీటర్లది.

తరువాతి శనివారం

ర్యాంపు వెల్డింగు రోజు. రెండు వైపులా ఇనుప చానెల్, మధ్యలో అడ్డ పట్టీలు, పైన చెక్కర్ ప్లేటు, అంటే ఉబ్బెత్తు గీతలున్న ఇనుప రేకు. పొడవు ఎక్కువ కాబట్టి మధ్యలో కీలు పెట్టి మడిచేలా చేశాం. కీలు కింది వైపు తెరుచుకునేలా ఉంటే బరువు పడగానే ర్యాంపు మడుచుకుపోతుంది. అందుకే చానెళ్ల చివరలు ఒకదానికొకటి ముఖాముఖి ఆనేలా చేసి, కీలును కింది వైపు పెట్టించాం. బరువు పడినకొద్దీ చానెళ్ల పై అంచులు మరింత గట్టిగా ఆనుకుంటాయి. కింది అంచులు విడిపోకుండా రెండు వైపులా మందపాటి పట్టీ, రెండేసి బోల్టులు. ఈ పట్టీ బిగించకుండా ర్యాంపు వాడకూడదని దాని మీదే ఎర్ర రంగుతో గీత గీశాను.

చెక్కర్ ప్లేటు పొడిగా ఉన్నప్పుడు బాగానే పట్టు ఇస్తుంది. తడిస్తే టైరు జారుతుంది, చెప్పు అంతకంటే ముందు జారుతుంది. మనిషి నడిచే ర్యాంపు మీద గరుకు పట్టీలు అతికించి, జానెడు జానెడు దూరానికి సన్నటి అడ్డ చువ్వలు వెల్డు చేయించాం. కాలికి మెట్టులా తగిలే ఆ చువ్వల వల్ల, చూపు బండి మీద ఉంచి కూడా అడుగు ఎక్కడ పడుతుందో తెలుస్తుంది.

ఆదివారం

స్నేహితుడి బండిని, నడిచే బండినే, ట్రక్కు మీదికి ఎక్కించి కొత్త ర్యాంపును పరీక్షించాం. ర్యాంపు పై కొస ట్రక్కు అంచు మీద ఊరికే ఆని ఉంది. దాన్ని ట్రక్కుకు కట్టే గొలుసులు ఇంకా రాలేదు. ఇంజను ఆన్ చేసి, మొదటి గేరులో, స్నేహితుడు పక్కన నడుస్తూ క్లచ్ నెమ్మదిగా వదులుతూ తీసుకెళ్లాడు. సాఫీగా సాగింది. ముందు చక్రం పైకి ఎక్కింది. వెనుక చక్రం కొస దగ్గరికి వచ్చి చిన్న గట్టుకు ఆగినప్పుడు యాక్సిలరేటర్ కాస్త తిరిగింది. ర్యాంపు ఒక్కసారిగా వెనక్కి జారి నేల మీద పడింది. వెనుక చక్రం గాలిలోకి దిగి, చాసిస్ అంచు మీద పడింది. స్నేహితుడు నడక ర్యాంపు మీద ఉన్నాడు కాబట్టి బయటపడ్డాడు. అది వేరుగా ఉండబట్టే నిలిచింది.

దీని వెనుక కారణం సూటిగా ఉంది. బండి ముందుకు వేగం పుంజుకోవాలంటే వెనుక చక్రం తన కింద ఉన్నదాన్ని వెనక్కి తన్నాలి. రోడ్డు మీద ఆ తన్ను భూమి భరిస్తుంది. ఇక్కడ దాన్ని భరించాల్సింది అంచు మీద ఊరికే ఆని ఉన్న ర్యాంపు. పైగా బరువు పడినకొద్దీ ట్రక్కు స్ప్రింగులు దిగుతాయి, వాలు మారుతుంది, ర్యాంపు పెదవి అంచు మీద ఆనే చోటు కూడా జరుగుతుంది. ఎక్కించే ముందు ఎంత బాగా ఆనించినా, బండి పైకి వచ్చాక అది అక్కడే ఉంటుందని అనుకోకూడదు.

సాయంత్రానికి పరిష్కారం తయారైంది. ర్యాంపు పై కొసకు రెండు వైపులా రింగులు వెల్డు చేశాం. వాటి నుంచి ట్రక్కు చాసిస్‌కు రెండు స్ట్రాప్‌లు బిగువుగా. పెదవికి కింది వైపు అంచును పట్టుకునే యాంగిల్ ముక్క. ఇప్పుడు ర్యాంపును కాలితో తన్ని చూసినా కదలదు. ఇక నుంచి ఇంజనుతో ఎక్కించడం మానేశాం. నడిచే బండినైనా సరే, ఇంజను ఆపే ఎక్కిస్తాం. నా అభిప్రాయంలో ఇది బేరానికి లొంగని నియమం.

ఇంజను ఆపి ఉంచడంలో ఇంకో గొప్ప లాభం ఉంది, దీన్ని కాస్త వివరంగా రాయాలి. వాలు మీద బండి వెనక్కి జారబోతే అందరూ ముందు బ్రేకు నొక్కుతారు, చేతికి అందేది అదే కాబట్టి. కానీ ముక్కు పైకెత్తి ఉన్న బండి బరువు వెనుక చక్రం మీదికి పోతుంది. 21 డిగ్రీల వాలు మీద ముందు చక్రానికి మిగిలేది మొత్తం బరువులో మూడో వంతుకు కాస్త తక్కువ. అంత తేలికైన చక్రాన్ని బిగించినా అది తిరగడం మానేసి, అలాగే ఈడ్చుకుంటూ వెనక్కి జారుతుంది. ఆపగలిగింది వెనుక చక్రమే. దాని బ్రేకు కుడి కాలి కింద ఉంది, మనిషి ఎడమ వైపు నడుస్తున్నాడు. అందుకని ఇంజను ఆపి, మొదటి గేరు వేసి, క్లచ్ నొక్కి పట్టుకుని నెట్టాలి. ఎక్కడ ఆగాలన్నా క్లచ్ వదిలితే చాలు, ఇంజను వెనుక చక్రాన్ని పట్టేస్తుంది. ఎడమ చేతి నాలుగు వేళ్లలోనే ఆ బ్రేకు ఉంటుంది. బాబాయి అడిగిన ప్రశ్నకు ఇదే మొదటి జవాబు: ఎవరూ పట్టుకోకపోయినా గేరు పట్టుకుని ఉంటుంది.

గేర్లు లేని ఆటోమేటిక్ స్కూటర్లకు ఈ మార్గం పనికిరాదు. ఇంజను వేగంగా తిరిగినప్పుడే పట్టే వాటి సెంట్రిఫ్యూగల్ క్లచ్, ఇంజను ఆగి ఉంటే చక్రాన్ని వదిలేస్తుంది. అయితే వాటి వెనుక బ్రేకు సాధారణంగా ఎడమ చేతి లివర్‌కే ఉంటుంది కాబట్టి దాన్నే నొక్కవచ్చు.

బుధవారం

ట్రాలీ పని. నేల ఎత్తు 50 సెంటీమీటర్లు, ఖాళీ బరువు 150 కిలోలు. మూడు మీటర్ల ర్యాంపుతో వాలు పది డిగ్రీల లోపే. ఇంత తేలికగా ఉంటుందని సంబరపడుతుండగా కొత్త రకం ప్రమాదం ఎదురైంది. ట్రాలీని ఇంకా కారుకు తగిలించలేదు. స్నేహితుడి బండి ముందు చక్రం ట్రాలీ తోక మీదికి ఎక్కిన క్షణంలోనే ట్రాలీ ముక్కు గాలిలోకి లేచింది. తోక నేలకు కొట్టుకుంది. ర్యాంపు వంకరపోయింది. తమ్ముడు అప్పటికే క్లచ్ వదిలేశాడు కనుక బండి ఉన్నచోటే ఆగింది.

తూకం చూస్తే ఇలా ఉంది. ట్రాలీ ముక్కు మీద ఖాళీగా ఉన్నప్పుడు 15 కిలోల బరువు ఉంటుంది, అది ఇరుసుకు 2 మీటర్ల ముందు. తోక ఇరుసుకు మీటరు వెనుక. అంటే తోక మీద 30 కిలోలు పెడితే ముక్కు తేలిపోతుంది. బండి ముందు చక్రం ఒక్కటే 70 కిలోలకు పైగా మోపుతుంది. లేవకుండా ఎలా ఉంటుంది?

కారుకు తగిలిస్తే సరిపోతుందని తేల్చేయడం కూడా తొందరపాటే. తగిలించిన ట్రాలీ ముక్కు లేచినప్పుడు అది కారు వెనుక భాగాన్ని పైకి లాగుతుంది. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే. అవి తేలికైతే బ్రేకు పట్టు తగ్గి, కారూ ట్రాలీ కలిసి కదలవచ్చు. అందుకని ట్రాలీ తోక కింద రెండు వైపులా కిందికి దింపి పిన్ను పెట్టే కాళ్లు వెల్డు చేయించాం. అవి నేలకు ఆనాక బరువు ముందు వాటి మీదికి వస్తుంది, ముక్కు లేవదు. కారు గేరులో, హ్యాండ్ బ్రేకు లాగి, కారు చక్రాలకు, ట్రాలీ చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు. బయలుదేరే ముందు కాళ్లు పైకెత్తడం మరచిపోతే మొదటి గతుకులోనే అవి ఊడతాయి కాబట్టి, కాళ్లు దించినప్పుడు కారు తాళంచెవిని వాటి పిన్నుకే తగిలిస్తున్నాం.

శనివారం

ముందు చక్రం పట్టు ఎక్కడ బిగించాలి అన్నది నేటి పని. చాలామంది బండిని వీలైనంత ముందుకు పెట్టేస్తారు, లేదా ట్రాలీ నడిమధ్యన పెడతారు. రెండూ సరి కాదు. నిండిన ట్రాలీ బరువులో సుమారు పదో వంతు ముక్కు మీద ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే వేగంలో ట్రాలీ తోక ఊపుతుంది, ఒకసారి ఊగడం మొదలైతే ప్రతి ఊపూ పెరుగుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది.

మనుషుల బరువు చూసుకునే రెండు తూకాల మీద బండి చక్రాలు చెరొకటి పెట్టి నిలబెట్టాం. ముందు 91, వెనుక 99 కిలోలు. అంటే బండి బరువు కేంద్రం వెనుక ఇరుసుకు 67 సెంటీమీటర్ల ముందు ఉంది. బండితో కలిపి ట్రాలీ 340 కిలోలు, ముక్కు మీద 34 ఉండాలి. ఖాళీదానికే 15 ఉంది కాబట్టి మిగతా 19 కిలోలు బండి నుంచి రావాలి. దానికి బండి కేంద్రం ట్రాలీ ఇరుసుకు 20 సెంటీమీటర్ల ముందు ఉంటే చాలు. అలా లెక్కిస్తే బండి ముందు ఇరుసు ట్రాలీ ఇరుసుకు 93 సెంటీమీటర్ల ముందుకు వస్తుంది. అక్కడ గుర్తు పెట్టి డ్రిల్లు చేశాం. బిగించాక ముక్కు కింద తూకం పెట్టి చూస్తే అనుకున్నదానికి దగ్గరగానే వచ్చింది. ఈ పనిలో నాకు ఇంతకంటే తృప్తినిచ్చిన క్షణం లేదు.

వేరే బండి వేసినప్పుడు ఈ లెక్క మారుతుంది. అందుకే పట్టును జరపడానికి వరుసగా రంధ్రాలు చేశాం.

ఆదివారం

స్ట్రాప్‌లతో తొలి ప్రయాణం. కొద్ది దూరం వెళ్లి ఆపి చూస్తే బండి కుడి వైపు ఒరిగి ఉంది. ముందు స్ట్రాప్‌లను హ్యాండిల్ కడ్డీకి తగిలించాం. లాగుడుకు కడ్డీ తన బిగింపులో తిరిగిపోయి ముందుకు వంగింది. స్ట్రాప్ సడలింది. గతుకులో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఇంకా కిందికి నొక్కుకున్నప్పుడు ఎడమ వైపు కొక్కెం రింగులోంచి జారింది. రెండో వైపు ఇంకా లాగుతూనే ఉంది, బండి అటే వాలింది. వెనుక కట్టిన స్ట్రాప్‌లే దాన్ని పడకుండా ఆపాయి.

అక్కడే మార్చి కట్టాం. ముందు స్ట్రాప్‌లు ఇప్పుడు హ్యాండిల్‌కు కాదు, ఫోర్కు కింది బిగింపు చుట్టూ. ఇనుప కొక్కెం నేరుగా పెట్టకుండా మెత్తటి గుడ్డ ఉచ్చు వేసి, కొక్కేన్ని దానికి తగిలిస్తే పెయింటూ చెడదు, బ్రేకు పైపూ నలగదు. కొక్కెం నోటికి మూత ఉన్నవే ఇక వాడతాం. ముందు రెండూ ముందుకూ పక్కకూ లాగేలా, వెనుక రెండూ వెనక్కూ పక్కకూ లాగేలా, దాదాపు 45 డిగ్రీల కోణంలో. ఫోర్కును దాని మొత్తం కదలికలో మూడో వంతు నుంచి సగం దాకా నొక్కి ఉంచితే గతుకుల్లో స్ట్రాప్ వదులు కాదు. పూర్తిగా నొక్కేస్తే కుదుపులన్నీ ఫోర్కు ఆయిల్ సీళ్ల మీదికీ చాసిస్ మీదికీ పోతాయి. సైడ్ స్టాండు ఎత్తే ఉండాలి. స్టాండు మీద నిలబెట్టి కడితే ప్రతి కుదుపూ దాని కీలు మీద పడి, బ్రాకెట్ వంగుతుంది.

స్ట్రాప్ మీద కుట్టిన చీటీ చదవడం అలవాటు చేసుకోవాలి. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 12195-2 ప్రకారం తయారైనవాటి మీద ఎల్‌సీ అనే అంకె, అంటే స్ట్రాప్ వాడుకలో భరించగల లాగుడు, డెకాన్యూటన్లలో ఉంటుంది. ఒక డెకాన్యూటన్ అంటే సుమారుగా ఒక కిలో బరువు. కొన్ని స్ట్రాప్‌ల మీద పెద్ద అక్షరాలతో వేసేది తెగిపోయే బలం, వాడదగిన బలం అందులో చాలా తక్కువ. అదే ప్రమాణం మొదటి భాగం, రోడ్డు మీద సరుకు ముందు వైపు తన బరువులో 0.8 వంతు బలంతో, పక్కలకూ వెనక్కూ 0.5 వంతు బలంతో జరగబోతుందని లెక్కించమంటుంది. మా బండికి అది గట్టి బ్రేకు వేసినప్పుడు ముందుకు 152 కిలోల తోపు. కోణంగా కట్టిన స్ట్రాప్ లాగుడులో కొంత భాగమే ఆ దిశలో పనిచేస్తుంది కనుక, ముందు చక్రం పట్టు ఆ తోపును తీసుకోవడం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. పొట్టిగా ఉందని స్ట్రాప్‌ను ముడి వేయకూడదు, ముడి దగ్గర బలం బాగా తగ్గిపోతుంది. పదునైన అంచు మీదుగా పోతే కింద తోలు ముక్క వేయాలి.

మళ్లీ బయలుదేరి, కొన్ని కిలోమీటర్ల తరువాత ఆపి, స్ట్రాప్‌లను బిగించే పళ్ల చక్రాలైన రాచెట్లు చూశాం. ఒకటి రెండు పళ్లు బిగిశాయి. మొదటి దూరంలో బండి సర్దుకుంటుంది, ఇది ఎప్పుడూ జరిగేదే.

అదే సాయంత్రం

దింపేటప్పుడు మరొకటి తెలిసింది. నొక్కి ఉన్న ఫోర్కు రెండు వైపులా సమానంగా లాగుతూ ఉంటుంది. ఒక వైపు రాచెట్ విప్పగానే రెండో వైపు లాగుడు బండిని తన వైపు ఈడుస్తుంది. ఎడమ వైపు ముందు విప్పితే బండి కుడి వైపు పడుతుంది, అక్కడ స్టాండు లేదు. తమ్ముడు ఎడమ రాచెట్ మీద చేయి వేయగానే బాబాయి ఆపారు. "కుడి వైపు విప్పు నాన్నా. ముందు స్టాండు దించు, గేరు వేసి ఉందో లేదో చూడు." కుడి విప్పితే బండి ఎడమకు, స్టాండు మీదికి వాలుతుంది. రాచెట్ కూడా పూర్తిగా తెరిస్తే ఒక్కసారిగా వదులుతుంది కాబట్టి ఒకరు బండిని పట్టుకున్నాకే రెండోవారు విప్పుతున్నారు.

ర్యాంపు మీద బండిని వెనక్కి, వెనుక చక్రం ముందుగా దింపుతాం. ముందు బ్రేకు, క్లచ్ రెండూ చేతిలో ఉంటాయి, గేరులో ఉన్న బండిని క్లచ్ కొద్దికొద్దిగా నొక్కి వదులుతూ దింపవచ్చు.

శనివారం

వించ్ బిగించాం. 500 కిలోల సామర్థ్యం, చేత్తో తిప్పేది, ఇనుప తాడు బదులు పట్టీ ఉన్నది. ఇనుప తాడు బిగువులో తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, దాని దారిలో మనిషి ఉంటే ప్రాణాంతకం. పట్టీలో ఆ ప్రమాదం చాలా తక్కువ. పట్టీ కొక్కెం ఫోర్కు కింది బిగింపుకు వేసిన గుడ్డ ఉచ్చుకు తగులుతుంది. నేను వించ్ తిప్పాను, తమ్ముడు నడక ర్యాంపు మీద హ్యాండిల్ పట్టుకుని నడిచాడు. ప్రతి తిప్పుకూ వించ్ పన్ను కట్‌మని పడుతుంది. నేను చేయి తీసేసినా బండి వెనక్కి రాదు. తమ్ముడి పని ఇప్పుడు బండిని నిలువుగా ఉంచడం ఒక్కటే.

ఇంజను బిగుసుకుపోయిన మా పాత బండికి మాత్రం చిక్కు ఉంది. క్లచ్ నొక్కినా పలకలు అంటుకుని చక్రం సరిగా తిరగడం లేదు. దానికి న్యూట్రల్‌లో ఉంచి, వించ్ పన్నునే బ్రేకుగా నమ్మాలి. అందుకని వించ్‌తో పాటు రెండో ఆధారంగా, వెనుక చక్రం వెంట ర్యాంపు అడ్డ పట్టీలకు తగిలే చెక్క దిమ్మను తాడుతో లాగుతూ తీసుకెళ్లాం. బండి ఒక జానెడు ఎక్కితే దిమ్మ ఒక జానెడు ఎక్కుతుంది. వించ్ తప్పినా చక్రం దిమ్మకు ఆగుతుంది. నెమ్మదిగా సాగింది, ట్రాలీ అంచు దగ్గర కడుపుకూ అంచుకూ మధ్య అరచేయి పట్టేంత ఖాళీ మిగిలింది. వెనుక చక్రం కూడా ట్రాలీ మీదికి వచ్చి, ముందు చక్రం పట్టులో ఠక్కున కూర్చుంది.

మిగిలిన పనులు: ర్యాంపు కాలు కింద మెత్తటి నేల మీద దిగబడకుండా వెడల్పు పలక, వెనుక దీపాల వైరింగు, తుప్పు పట్టకముందే వెల్డుల మీద ప్రైమర్. పాత బండి బ్రాకెట్‌ను వేడి చేసి తిన్నగా వంచడం వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాం. కొత్త క్లచ్ లివర్ వచ్చింది, రేపు బిగిస్తాం.